మైదానంలో ప్రార్థన, జెర్సీ మీద వాక్యం: అపోహలు - వాస్తవాలు

ఆటగాడు మోకరించి ప్రార్థించగానే "ఇది రూల్స్‌కి విరుద్ధం కదా?" అని కొందరు, "ప్రార్థనకి కూడా అడ్డుపడతారా?" అని ఇంకొందరు అడుగుతుంటారు. జట్లతో ఉండి ఆటగాళ్ల ఆత్మీయ అవసరాలు చూసే మాకు ఈ రెండూ రోజూ వినే ప్రశ్నలే. తికమకంతా ఒక్క విషయంలోనే. క్రీడా నిబంధనల పట్టు చాలామటుకు రాత మీద, బొమ్మ మీద ఉంటుంది. మోకాళ్ల జోలికి అవి దాదాపు రావు.

అపోహ: ఫుట్‌బాల్‌లో యేసు పేరు చూపిస్తే యెల్లో కార్డ్ ఇస్తారు.

వాస్తవం: కార్డ్ వచ్చేది పేరుకి కాదు, చొక్కాకి. గోల్ కొట్టిన సంబరంలో జెర్సీ విప్పినా, దాన్ని తల మీదకి కప్పుకున్నా 12వ నిబంధన ప్రకారం హెచ్చరిక తప్పదు. లోపలి బనియన్ మీద ఏమీ రాసి లేకపోయినా అంతే. తర్వాత ఆ గోల్ రద్దయినా కార్డ్ మాత్రం ఉండిపోతుంది. అప్పటికే ఒక యెల్లో ఉంటే ఆటగాడు బయటికి, జట్టు పది మందితో మిగులుతుంది. ఆ ఆనందంలో ఇదంతా ఎవరికి గుర్తుంటుంది? అందుకే మ్యాచ్‌కి ముందే చెప్పి ఉంచాలి.

బనియన్ మీది రాత వేరే తప్పు, అది 4వ నిబంధన కిందికి వస్తుంది. రాజకీయ, మత, వ్యక్తిగత నినాదాలేవీ బట్టల మీద కనిపించకూడదు. దీనికి శిక్ష వేసేది టోర్నీ నిర్వాహకులు లేదా ఫుట్‌బాల్ సంఘం. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ గెలిచాక కాకా "నేను యేసుకు చెందినవాణ్ణి" అన్న బనియన్‌తో మోకరించిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఆట ముగిశాక జరిగింది కాబట్టి జెర్సీ విప్పినందుకు కార్డ్ ప్రసక్తే రాలేదు.

ఆర్మ్‌బ్యాండ్ కూడా బట్టల లెక్కలోకే వస్తుంది. 2024 చివర్లో క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్ మార్క్ గేహి, స్వలింగ సంపర్కులకి మద్దతుగా కెప్టెన్లు చేతికి కట్టుకునే ఇంద్రధనుస్సు రంగుల ఆర్మ్‌బ్యాండ్ మీద యేసు పేరు రాసుకుని ఆడాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం క్లబ్‌కి నిబంధన గుర్తుచేసింది కానీ అభియోగం మోపలేదు.

అపోహ: కళ్ల కింద నల్లరంగు మీద వచనాలు రాయడాన్ని క్రైస్తవం మీద కోపంతోనే ఆపేశారు.

వాస్తవం: 2009 జనవరిలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) ఫైనల్లో టిమ్ టీబో, వెలుతురు కళ్లని ఇబ్బంది పెట్టకుండా ఆటగాళ్లు పూసుకునే ఆ నల్లరంగు మీద "యోహాను 3:16" అని తెల్లగా రాసుకున్నాడు. ఆ రోజు లక్షలాది మంది ఆ వచనం కోసం ఇంటర్నెట్‌లో వెతికారు. కాలేజీ ఆటలో 2010లో వచ్చిన నిషేధం మాత్రం రాతలన్నిటికీ వర్తించింది. అప్పటికి కొందరు తమ ఊరి ఫోన్ కోడ్‌లు, ఇతర ఆటగాళ్ల పేర్లు కూడా అక్కడే రాసుకుంటున్నారు, అవీ పోయాయి. అదే ఆటకి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనైతే ముందే అనుమతి లేని వ్యక్తిగత సందేశం ఏదీ కుదరదు. వార్మప్‌లోనూ, బెంచ్ మీదా, మ్యాచ్ తర్వాత ఇంటర్వ్యూలోనూ అంతే. 2019లో డెమారియో డేవిస్ "దైవజనుడు" అనే అర్థం వచ్చే హెడ్‌బ్యాండ్ కట్టుకున్నందుకు 7,017 డాలర్ల జరిమానా వేశారు. ఆయన అప్పీల్ చేస్తే దాన్ని రద్దు చేశారు. అలాంటి హెడ్‌బ్యాండ్‌లే అమ్మి, వచ్చిన డబ్బు ఆసుపత్రికి ఇచ్చాడు. మాకు ఎంతో ఇష్టమైన సాక్ష్యం ఇది.

అపోహ: మోకరించినా పెనాల్టీయే.

వాస్తవం: సంబరంలో నేల మీద పడటాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ ఒకప్పుడు నిషేధించింది, ప్రార్థనకి మినహాయింపు ఉంచింది. 2014 సెప్టెంబర్‌లో హుసేన్ అబ్దుల్లా టచ్‌డౌన్ (ఆ ఆటలో గోల్ లాంటిది) చేసి, మోకాళ్ల మీద జారుతూ వెళ్లి సజ్దా (నుదురు నేలకి ఆనించి ప్రార్థించడం) చేస్తే రిఫరీలు 15 గజాల పెనాల్టీ వేశారు. మర్నాడే లీగ్ అది పొరపాటని ఒప్పుకుంది. ఆయన ముస్లిం. కానీ ఆ మినహాయింపు క్రైస్తవుడికీ అంతే అక్కరకొస్తుంది. కాబట్టి అతనికి జరిగిన అన్యాయం మనదీ అనుకోవాలి. మా ఆటగాళ్లకి మేం చెప్పేది కూడా ఇదే: పరుగు పూర్తిగా ఆపి, నిలబడి, ఆ తర్వాత మోకరించండి. జారితే చూసేవాళ్లకి అది విన్యాసంలా కనిపిస్తుంది.

అపోహ: సిలువ గుర్తు తప్పుగా వేసుకుంటున్నారు, కాబట్టి అది నటనే.

వాస్తవం: టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ సెర్బియన్ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. ఆ సంప్రదాయంలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి నుదురు, పొట్ట తాకాక ముందు కుడి భుజాన్ని, తర్వాత ఎడమ భుజాన్ని తాకుతారు. కాథలిక్కులు ముందు ఎడమ భుజం తాకుతారు. ప్రొటెస్టంట్లలో ఎక్కువమంది అసలు సిలువ గుర్తు వేసుకోరు, కళ్లు మూసుకోవడమో వేలు పైకి చూపడమో చేస్తారు. ఎవరి అలవాటు వారిది.

అపోహ: ప్రార్థించేది గెలిపించమనే.

వాస్తవం: 1990 డిసెంబర్ 3న ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు న్యూయార్క్ జయంట్స్, శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ ఆటగాళ్లు మ్యాచ్ ముగిశాక మైదానం మధ్యలో కలిసి మోకరించారు. ఓడినవాళ్లూ ఆ గుంపులో ఉన్నారు.

అపోహ: స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం ప్రభువు దినమని, పరుగు వద్దని చివరి నిమిషంలో తప్పుకున్నాడు.

వాస్తవం: "ఛారియట్స్ ఆఫ్ ఫైర్" సినిమా వల్ల వచ్చిన నమ్మకం ఇది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) ఆదివారం పడ్డాయని ఆయనకి నెలల ముందే తెలుసు. ఆ వ్యవధిలో 400 మీటర్లకి సాధన చేసి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. 200 మీటర్లలో కాంస్యం కూడా వచ్చింది.

అపోహ: మైకు ముందు దేవుడి పేరు ఎత్తడం క్రికెట్‌లో నేరం.

వాస్తవం: ఐసీసీ నియమాలు ఆపేది బట్టల మీద, పరికరాల మీద రాజకీయ, మత సందేశాల్ని. అక్కడ కూడా అమలు ఒకేలా లేదు. మార్నస్ లబుషేన్ బ్యాట్ మీది పక్షిరాజు స్టిక్కర్ యెషయా 40:31కి గుర్తు, దానికి అభ్యంతరం రాలేదు. ఉస్మాన్ ఖవాజా 2023లో అడిగిన, శాంతికి గుర్తైన పావురం బొమ్మకి మాత్రం అనుమతి రాలేదు. ఖవాజా అసంతృప్తి న్యాయమైనదే అని మా అభిప్రాయం. మాటకి ఆ అడ్డు లేదు. 2025 అక్టోబర్ 30న నవీ ముంబైలో ఆస్ట్రేలియాపై 127 నాటౌట్‌గా నిలిచాక జెమీమా రోడ్రిగ్స్ మైకులోనే యేసుకి కృతజ్ఞతలు చెప్పింది. ఆమె ఏ నిబంధనా దాటలేదు.