టూ ఫోర్ డీ కొట్టిన పంపు పత్తి చేనుకు పోవద్దు

హనుమకొండ

ప్రియమైన పిల్లలకు,

బడి లాన్‌లో కలుపు మందు కొడితే వయ్యారిభామ, గడ్డి చామంతి మెలితిరిగి ఎండిపోయాయి, గరిక మాత్రం పచ్చగానే ఉంది, ఎట్లా అని అడిగారు. మంచి ప్రశ్న.

ఆ మందు 2,4-డి. మన రైతులు టూ ఫోర్ డీ అంటారు. 1945 నుంచి అమ్మకంలో ఉంది. మొక్కను పెంచే ఆక్సిన్ అనే హార్మోనులాగే ఇదీ పనిచేస్తుంది. తన ఆక్సిన్‌ను మొక్క అదుపులో పెట్టుకోగలదు, దీన్ని పెట్టుకోలేదు. కాడ అడ్డదిడ్డంగా పెరిగి, లోపలి గొట్టాలు నలిగి, నీళ్లు అందక చస్తుంది. గరిక, వరి, మక్క వంటి గడ్డిజాతిలో మందు అంతగా పాకదు, పాకినది తొందరగా విరిగిపోతుంది. మోతాదు మించితే వాటికీ దెబ్బే. మక్కలో ఎకరాకు ఈ మందులో సోడియం సాల్ట్ అనే రకం 80 శాతం పొడి 500 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో; అంటే 16 లీటర్ల పంపుకు 40 గ్రాములు. లాన్‌కు డబ్బా మీద రాసిన మోతాదే. కొట్టడానికి ముందు, తర్వాత రెండేసి రోజులు గడ్డి కోయొద్దు. కోసింది మేకలకు వేయొద్దు.

మన వరంగల్ వైపు అసలు భయం పత్తికి. ఈ మందుకు పత్తి అంత సుకుమారమైన పంట మరొకటి అరుదు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర, పంపు అడుగున మిగిలిన కొంచెం మందు చాలు: కొత్త ఆకులు బెండాకుల్లా సన్నగా చీలి, ఈనెలు దగ్గరపడతాయి, పూత రాలుతుంది. వైరస్ అనుకుని ఇంకో మందు కొడితే డబ్బు దండగ. మిరప, టమాటకూ ఇదే ముప్పు. పంపును మూడుసార్లు కడిగినా రబ్బరు పైపులో, వాషర్లలో మందు నిలుస్తుంది. అందుకే కలుపు మందుకు పంపు వేరే ఉంచి, దానికి ఎర్ర రంగు పూయమని ఇంట్లో చెప్పండి. ఈ మందులోనే ఎస్టర్ అనే ఇంకో రకమైతే ఎండకు ఆవిరై పక్క చేనుకు పోతుంది. పత్తి దగ్గరుంటే అది అసలే వద్దు.

మందు మీరు ముట్టొద్దు. తడి ఆరేదాకా లాన్‌లోకి పోవద్దు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు పోస్తూ కడిగి, ఆసుపత్రికి పోవాలి.

నన్నడిగితే బడి లాన్ అంత చిన్నదానికి మందే అక్కర్లేదు. వాన పడి నేల మెత్తబడ్డాక, వయ్యారిభామ పూతకు రాకముందే, చేతి తొడుగులు వేసుకుని పెద్దవాళ్లు వేళ్లతో సహా పీకాలి. తొడుగుల్లేకుంటే చర్మం దురద పెడుతుంది.

మీ తాతయ్య