రౌడీషీటుకు డిసెంబరు ఉంది, రైడరు ఫోటోకు లేదు

వానలు తగ్గి గండికోట దారి మళ్ళీ బైకులతో నిండేసరికి, సద్దుమణిగిందనుకున్న పాత తగాదా మళ్ళీ పైకి వచ్చింది. కర్నూలు, అనంతపురం, కడపల నుంచి ఆదివారం తెల్లవారుజామున జట్లుగా బయలుదేరే రైడర్లను దారిలో ఆపి, లైసెన్సు చూడటంతో సరిపెట్టకుండా హెల్మెట్ తీయించి ముఖం ఫోటో, నంబరు ప్లేటు ఫోటో తీసుకోవడం, ఫోన్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, వెంట ఎవరెవరు అన్న వివరాలు రాసుకోవడం మీద వారు అభ్యంతరం చెబుతున్నారు. తనిఖీ వద్దని వారు అనడం లేదు. రాసుకున్నది ఎక్కడికి పోతుంది, ఎన్నాళ్ళు ఉంటుంది, ఎవరి కంట పడుతుంది అన్నదానికి రాతపూర్వకమైన హద్దు కావాలంటున్నారు. పోలీసుల దృష్టిలో ఇది నేర నివారణకు చేసే మామూలు సమాచార సేకరణ.

ఈ విషయం మీద రాసేవారు సాధారణంగా పోలీసు నిఘా మీద 1962లో తీర్పు వచ్చిన ఖరక్ సింగ్ కేసుతో, అందులో జస్టిస్ కోకా సుబ్బారావు ఇచ్చిన అసమ్మతి తీర్పుతో మొదలుపెట్టి, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడంతో ముగిస్తారు. ఆ కథ పాఠకులకు తెలిసిందే కనుక మళ్ళీ చెప్పడం లేదు. అందులోంచి ఇక్కడికి కావలసినది ఇంతే: వ్యక్తి గోప్యతలోకి ప్రభుత్వం అడుగుపెట్టాలంటే ముందు దానికో చట్టం ఉండాలి, ఆ చట్టానికి సరైన ప్రయోజనం ఉండాలి, చొరబాటు ఆ ప్రయోజనానికి తగిన మోతాదు దాటకూడదు. నేటి తగాదాకు అసలు మూలం మాత్రం 2017లో కాక, 2022 జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా గడిచిన మూడు వారాల్లో ఉందని నా అభిప్రాయం.

ఆ జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రౌడీషీట్ల మీద ఒక తీర్పు ఇచ్చింది. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు శాఖ తన సిబ్బంది కోసం రాసుకున్న సూచనలే తప్ప శాసనసభ చేసిన చట్టం కావని, వాటిని మాత్రమే ఆధారం చేసుకుని ఒక మనిషి పేరిట షీటు తెరవడం, అతని మీద నిఘా పెట్టడం, రాత్రిళ్ళు ఇంటికి వెళ్ళి తలుపు తట్టడం పుట్టస్వామి తీర్పు ముందు నిలవవని సింగిల్ జడ్జి తేల్చారు. వేలిముద్రలు, ఫోటోలు తీసుకోవాలన్నా అందుకు ఉన్న చట్టం ప్రకారమే తీసుకోవాలన్నారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళడంతో వ్యవహారం డివిజన్ బెంచ్‌కు చేరింది. అయితే, స్టేషన్ గోడల మధ్య దశాబ్దాలుగా ఎవరూ అడగని ప్రశ్న అప్పటికే వీధిలో పడింది. షీటున్నవాడి విషయంలోనే చట్టం కావాలంటే, ఏ షీటూ లేనివాడి ఫోటో ఏ చట్టం కింద తీస్తున్నారు?

ఈ ప్రశ్న చల్లారకముందే, 2022 ఆగస్టు 4న, పార్లమెంటు చేసిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం అమల్లోకి వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం వేలిముద్రలు, ఫోటోలతో ఆగక కనుపాప, కంటిపొర స్కాను, జీవ నమూనాలు, సంతకం, చేతిరాత దాకా పోలీసు చేతికి ఇచ్చింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో వాటిని 75 ఏళ్ళు భద్రపరచవచ్చు. ఈ చట్టం మీద వచ్చిన విమర్శల్లో చాలా ఆ 75 దగ్గరే ఆగిపోయాయి. దానికి ముందున్న వాక్యాలను రైడర్లు మాత్రం శ్రద్ధగా చదివారు. ఈ కొలతలు (వేలిముద్రలు, ఫోటోలు వగైరాలను చట్టం అలాగే పిలుస్తుంది) ప్రధానంగా ఎవరి నుంచి తీసుకోవచ్చో చట్టం స్పష్టంగా చెప్పింది: శిక్ష పడినవారు, మంచి నడవడికకు పూచీకత్తు ఇవ్వవలసి వచ్చినవారు, నేరం విషయంలో అరెస్టయినవారు. పాత శిక్షలేవీ లేనివారిని విచారణ లేకుండా విడిచిపెట్టినా, వారు నిర్దోషులుగా తేలినా, అప్పీళ్ళన్నీ ముగిశాక ఆ రికార్డును నాశనం చేయాలని కూడా అందులోనే ఉంది.

ఇలా ఆ మూడు వారాల్లో ఒకవైపు కోర్టు పాత పుస్తకాన్ని ప్రశ్నించగా, మరోవైపు పార్లమెంటు రాసిన కొత్త పుస్తకం తెరుచుకుంది. రోడ్డు మీద ఆగి, కాగితాలన్నీ సరిగ్గా చూపించి, చలానా కూడా పడకుండా వెళ్ళిపోయిన మనిషి ఆ రెంటిలో దేనిలోనూ లేడు. నిందితుడి ఫోటోకు ఒక చట్టం, ఒక గడువు, ఒక ముగింపు ఉన్నాయి. నిందితుడు కానివాడి ఫోటోకు ఈ మూడూ లేవు.

మూడు వారాల క్రితం ఒక ఆదివారం మా మేనల్లుడి బండి వెనక కూర్చుని నేనూ ఆ దారిన వెళ్ళాను. ఏ స్టేషన్ పరిధో చెప్పను. అలాంటి తనిఖీలు ఒక్క చోటే జరగడం లేదు. ఇంకా చీకటి విడలేదు. రెండు ఇనుప బ్యారికేడ్ల మధ్య ఏడు బండ్లనూ పక్కకు పెట్టించారు. కానిస్టేబుల్ మర్యాదస్థుడే. "యాడికి పోతాండారప్పా ఇంత పొద్దున్నే?" అని అడిగి, లైసెన్సులు చూసి, తర్వాత ఒక్కొక్కరినీ హెల్మెట్ తీయమని తన సొంత ఫోన్‌తో ఫోటోలు తీశాడు. నంబర్లను చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. "ఫోటో ఎందుకు సార్?" అని జట్టులో ఒక పిల్లవాడు అడిగితే, "ఊరికే. ఏం కాదులే, పోండి" అన్నాడు. మూడు రోజుల తర్వాత ఆ పిల్లవాడి తండ్రికి పరిచయస్థుడొకరు అదే ఫోటోను వాట్సాప్‌లో పంపి, "మీవాడేనా, ఏమైనా కేసా?" అని అడిగాడు. అది ఏ గ్రూపులోంచి ఏ గ్రూపుకు నడిచిందో ఎవరికీ తెలియలేదు. తగాదా ఆ 'ఊరికే' అన్న మాట దగ్గరే ఉంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. ముఖం ఇచ్చి వెళ్ళాలని ఆ సెక్షన్‌లో లేదు.

పాత పద్ధతి ఇంతకంటే మెరుగ్గా ఉండేదా అంటే, కాగితం మీద కొంతవరకు ఉండేదనే చెప్పాలి. స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం అనుమానితుల హిస్టరీ షీటును నమోదైన తేదీ నుంచి ఆ డిసెంబరు నెలాఖరు దాకానే ఉంచాలి. ఆపైన కొనసాగించాలన్నా, మూసేయాలన్నా గెజిటెడ్ అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. అదే ఆర్డరులో రెండో క్లాజు, అయిదేళ్ళుగా ఏ కేసూ లేనంత మాత్రాన షీటు మూయనక్కరలేదని కూడా చెబుతుంది కనుక, చాలామందికి డిసెంబర్లు వచ్చిపోయాయే తప్ప షీట్లు పోలేదు. అయినా ఏడాదికొకసారి ఒక అధికారి ఆ పేరు చూసి సంతకం పెట్టవలసిన ఏర్పాటు ఉండేది. ఆ సంతకాన్ని కోర్టులో ప్రశ్నించే వీలుండేది.

ప్రశ్నించినవారిలో మన జిల్లావారూ ఉన్నారు. అనంతపురం జిల్లా బ్రహ్మసముద్రం స్టేషన్ హౌస్ ఆఫీసర్ ప్రతివాదిగా ఉన్న 1997 నాటి హైకోర్టు తీర్పును రౌడీషీట్ల కేసుల్లో న్యాయవాదులు నేటికీ ఉదహరిస్తారు. రౌడీ అన్న నిర్వచనంలో 'అలవాటుగా' అన్న మాట ఊరికే పెట్టలేదని, ఒకటీ అరా సంఘటనలను పట్టుకుని మనిషికి ఆ ముద్ర వేయలేరని చెప్పిన తీర్పుల వరుసలో అదొకటి. అంతకు ముందే, 1980 డిసెంబరులో, మలక్ సింగ్ కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఇదే సూత్రాన్ని సుప్రీంకోర్టు నుంచి చెప్పారు. నేర నివారణకు నిఘా అవసరమే అయినా, రిజిస్టరులో పేరు ఎక్కించడానికి తగిన కారణాలు ఉండాలని, నిఘా మనిషి గౌరవాన్ని నలిపే దాకా పోకూడదని ఆ తీర్పు సారాంశం. పేరు పుస్తకంలో ఉంది కాబట్టే వీరంతా కోర్టుకు వెళ్ళగలిగారు. ఫోన్ గ్యాలరీలో ఉన్న ముఖానికి క్రమసంఖ్య ఉండదు, తెరిచిన తేదీ ఉండదు, సంతకం ఉండదు. దేన్ని కొట్టివేయమని కోర్టును అడగాలి?

పోలీసుల వాదనకూ ఆధారం లేకపోలేదు. గొలుసు దొంగతనాలకు బైకే వాహనం. గంజాయి రవాణాలో ముందు దారి చూసి వచ్చేదీ బైకే. బండి కర్ణాటక సరిహద్దు దాటితే వెతకడం కష్టం. నంబరు ప్లేటు వంచినవాణ్ణి పట్టుకోవాలంటే ముఖమే మిగులుతుంది. ఫ్యాక్షన్ గ్రామాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2024 మేలో పోలింగ్ తర్వాత తాడిపత్రిలో జరిగిన గొడవలు, ఎన్నికల సంఘం అనంతపురం ఎస్పీని సస్పెండ్ చేయడం, ఆ తర్వాత కౌంటింగ్ దాకా రాష్ట్రమంతటా సాగిన కార్డన్ అండ్ సెర్చ్ (ఊళ్ళను, వీధులను చుట్టుముట్టి చేసే సోదాలు) ఇంకా అందరికీ గుర్తున్నాయి. కాగితాలు లేని మోటారు సైకిళ్ళు స్టేషన్ ఆవరణల్లో వరుసలు కట్టింది అప్పుడే. ముందే వివరాలు సేకరించి ఉంటే అంత దూరం వచ్చేది కాదన్నది ఒక విశ్రాంత అధికారి నాతో అన్న మాట. కావచ్చు. కానీ ఆ నెలలో పట్టుకున్నవి కాగితాలు లేని బండ్లు. నేడు ఫోటోకెక్కుతున్నవారు కాగితాలున్నవారు.

హద్దు పెడితే పని సాగదన్న మాటకు జవాబు ట్రాఫిక్ కెమెరాల దగ్గరే ఉంది. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల 167ఏ నిబంధన ప్రకారం కెమెరాలు ఉన్నాయని తెలిపే బోర్డు రోడ్డు మీద పెట్టాలి, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి, ఆ ఎలక్ట్రానిక్ రికార్డును చలానా తేలే దాకా ఉంచాలి. ఆ నిబంధన జాబితాలోని 132 నగరాల్లో కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఉన్నాయి. అంటే సిగ్నల్ దాటినవాడి బొమ్మ ఎందుకోసం, ఎందాకా అన్నది రాసిపెట్టి ఉంది. సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగినవాడి బొమ్మ గురించే ఎక్కడా రాయలేదు.

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో ద్విచక్ర వాహనదారులను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న పదం కోసం వెతికిన వీడియోలు బయటికొచ్చినప్పుడు అది మహానగరం గోలేనని సీమలో చాలామంది అనుకున్నారు. కలెక్టరేట్‌లో ఇవ్వడానికి రైడర్లు రాసుకున్న అర్జీలో ఇప్పుడు ఫోన్ తనిఖీ గురించి కూడా ఒక వాక్యం చేరిందంటే ఆ భరోసా పోయినట్టే.

బైకు నడిపేవారే ఈ ప్రశ్న లేవనెత్తడం ఇక్కడ వింతగా తోచవచ్చు గానీ, అమెరికాలో ఇది పాత సంగతి. తోలు జాకెట్టు, క్లబ్బు గుర్తు చూసి ఆపడాన్ని నిషేధిస్తూ వాషింగ్టన్ రాష్ట్రం 2011లో చట్టం చేసింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అది బైకర్లు ఏళ్ళ తరబడి శాసనసభ్యుల గదుల చుట్టూ తిరిగి సాధించుకున్నది. అదే రాష్ట్రంలోని సియాటిల్ నగరం, పోలీసులు పౌరుల రాజకీయ, మత కార్యకలాపాల సమాచారం సేకరించడానికి 1979లోనే ఆర్డినెన్సుతో హద్దు గీసింది. కేంద్ర నిధులతో నడిచే నేర సమాచార వ్యవస్థల్లో సహేతుకమైన అనుమానం ఉంటేనే పేరు చేర్చాలని, అయిదేళ్ళకు మించి ఉంచాలంటే తిరిగి పరిశీలించాలని వారి ఫెడరల్ నిబంధన ఒకటి చెబుతుంది. చొక్కా మారినా కొలత అదే: అనుమానానికి కారణం, నిలవకు గడువు.

మన దగ్గర కొత్త డేటా చట్టం వచ్చింది కదా అని కొందరు రైడర్లు మొదట ఆశపడ్డారు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు కూడా వచ్చాయి. కానీ నేరాల నివారణ, దర్యాప్తు కోసం జరిగే డేటా వినియోగాన్ని 17వ సెక్షన్ చాలా బాధ్యతల నుంచి మినహాయించింది. సమాచార హక్కు కింద అడుగుదామంటే, ఇంటెలిజెన్స్, భద్రతా సంస్థలను నోటిఫికేషన్ ద్వారా పక్కకు పెట్టే అధికారాన్ని 24వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. అందుకే మాటల ఎంపిక మీద రైడర్లకు అంత పట్టింపు. అది తనిఖీ అయితే తనిఖీకి నియమాలున్నాయి. పోలీసుల నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచి సేకరించే సమాచారమైతే ప్రశ్నకు తలుపే లేదు. కానిస్టేబుల్ నోటుబుక్కు ఈ రెంటిలో ఏదో ఇంతవరకూ ఏ అధికారీ రాసి ఇవ్వలేదు.

సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వడానికి రాసుకున్న అర్జీ చిత్తుప్రతిని నేను చూశాను. రెండు పేజీలు, చేతిరాత, మూడు చోట్ల కొట్టివేతలు. కేసు గానీ చలానా గానీ లేనప్పుడు ముఖం ఫోటో తీయకూడదని, తీస్తే కారణం రాయాలని, సిబ్బంది సొంత ఫోన్లు వాడకూడదని, జట్టులో ఎవరెవరున్నారన్న జాబితా తయారు చేయకూడదని అడిగారు. ఎక్కువ వాదన జరిగింది గడువు మీద. కుర్రవాళ్ళు ఏడు రోజులన్నారు. అది ఎవరూ ఒప్పుకోరని పెద్దవాళ్ళు నెల అన్నారు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరై, ఇప్పటికీ పాత బుల్లెట్ మీద తిరిగే ఒకాయన ఆ రెండు అంకెలనూ కొట్టేసి, స్టాండింగ్ ఆర్డర్లలో ఉన్న మాటనే పైన రాశాడు: డిసెంబరు నెలాఖరు దాకా, ఆపైన గెజిటెడ్ అధికారి ఉత్తర్వు ఉంటేనే. "రౌడీకి ఇచ్చిందే మాకూ ఇయ్యమంటాండాం, కాదనేదానికి ఏముంది?" అని పెన్ను మూత పెట్టాడు.