తిరగబడ్డ అడ్మిరళ్లు, తిరగబడ్డ నావికులు: బ్రెజిల్ నౌకాదళ వివాదం వెనక కథ

బ్రెజిల్ రాజధానిలో జాతీయ వీరుల పేర్లు నమోదు చేసే పుస్తకం ఒకటి ఉంది. దాని పుటలు ఉక్కువి. జొవావ్ కాందిదో అనే నల్లజాతి నావికుడి పేరును అందులో చేర్చాలన్న బిల్లుకు 2021లో సెనేట్ ఆమోదం దొరికింది. తీరా అది దిగువ సభకు వచ్చాక, 2024 ఏప్రిల్‌లో నౌకాదళ అధిపతే లేఖ రాసి అడ్డుపడ్డారు. 1910లో కాందిదో నడిపిన తిరుగుబాటు దేశ చరిత్రలో శోచనీయమైన పుట అని ఆయన అభ్యంతరం. క్రమశిక్షణే కొలబద్ద అయితే, ఆ దళం ముందుగా తన అడ్మిరళ్ల చిట్టా విప్పి చూసుకోవాలి.

చక్రవర్తుల కాలంలో నౌకాదళం సింహాసనానికి ముద్దుబిడ్డ. 1823లో స్వాతంత్ర్య యుద్ధం కోసం పదిహేనేళ్ల వయసులో ఓడెక్కిన జొవాకిం మార్కెస్ లిజ్బోవా, తర్వాతి కాలంలో తమందారే మార్క్విస్‌గా, నౌకాదళానికి మూలపురుషుడిగా పేరుపొందాడు. ఈనాటికీ ఆయన పుట్టినరోజు డిసెంబరు 13 అక్కడ నావిక దినోత్సవం. పరాగ్వే యుద్ధంలో, 1865 జూన్ 11న రియాషువేలో వద్ద బ్రెజిల్ నౌకాదళ సేనాని బరోజో తన ఓడ అమెజోనాస్ ముందుభాగంతో శత్రు నౌకలను గుద్ది ముంచి గెలిచిన తీరు అక్కడి బడిపిల్లలకూ తెలుసు. అధికారుల్లో ఎక్కువమంది పలుకుబడి గల కుటుంబాల వారు. ఓడ అడుగున పనిచేసేవారిలో ఎక్కువమంది పేదలు, నల్లవారు. వారిలో చాలామందిని బలవంతంగా పట్టి తెచ్చారు.

1889 నవంబరు 15న సైన్యం గణతంత్రాన్ని ప్రకటించినప్పుడు నౌకాదళం దాదాపు ప్రేక్షక పాత్రలోనే ఉండిపోయింది. ఆ రోజు గాయపడ్డది ఒక్కరే. ఆయన నౌకాదళ మంత్రి లదారియో బారన్. అరెస్టుకు లొంగక పిస్తోలు తీసి, తూటాలు తిన్నా బతికి బయటపడ్డాడు. రెండు రోజులకు, ఇంకా తెల్లవారకముందే, చక్రవర్తి రెండవ పెద్రోను దేశం నుంచి సాగనంపారు. వృద్ధుడైన తమందారే ఆ అవమానాన్ని చివరిదాకా మరచిపోలేదు. చక్రవర్తి చనిపోయినప్పుడు దేశం ఏ గౌరవమూ చెల్లించలేదు కాబట్టి తన అంత్యక్రియలకు కూడా సైనిక లాంఛనాలు వద్దని వీలునామాలో రాసుకున్నాడు. 1897లో కన్నుమూశాడు.

తర్వాత వచ్చిన అడ్మిరళ్లు వీలునామాలతో సరిపెట్టుకోలేదు. తొలి అధ్యక్షుడు మార్షల్ దియోదొరో 1891 నవంబరు 3న కాంగ్రెసును రద్దు చేయగానే అడ్మిరల్ కుస్తోదియో ద మెలో ఓడల ఫిరంగులను అప్పటి రాజధాని రియో ద జనైరో వైపు తిప్పాడు. దియోదొరో 23న దిగిపోయాడు. ఉపాధ్యక్షుడు ఫ్లోరియానో పెయ్షోటో గద్దె ఎక్కాడు కానీ, కొత్త ఎన్నికలు పెట్టలేదు. ఆయన మంత్రివర్గంలో నౌకాదళ మంత్రిగా ఉన్న మెలో రాజీనామా చేసి, 1893 సెప్టెంబరు 6న అకిదబాన్ యుద్ధనౌక నుంచి మళ్లీ తిరుగుబాటు లేవదీశాడు. నెలల తరబడి కోటలకూ ఓడలకూ మధ్య ఫిరంగుల మోత సాగింది. రియో ప్రజలు గుండెలు అరచేతిలో పెట్టుకుని బతికారు.

నౌకా పాఠశాల అధిపతి సల్దాన్యా ద గామా మొదట తటస్థంగా ఉండి డిసెంబరులో తిరుగుబాటుదారులతో కలిశాడు. ఏ పాలన కావాలో జనమే తేల్చాలన్న ఆయన ప్రకటన చూసి రాచరికవాది అని ముద్ర వేశారు. 1894 మార్చిలో రియోలో తిరుగుబాటు కుప్పకూలగా ఆయన మనుషులతో సహా పోర్చుగల్ ఓడలెక్కాడు. దానిపై బ్రెజిల్ పోర్చుగల్‌తో సంబంధాలే తెంచుకుంది. మరుసటి ఏడాది జూన్ 24న ఈ అడ్మిరల్ సముద్రానికి దూరంగా, దక్షిణ సరిహద్దు మైదానంలో అశ్వికుల బల్లేలకు బలయ్యాడు.

బతికినవారి కథ వేరు. పౌర అధ్యక్షుడు ప్రుదెంతే ద మొరాయిస్ హయాంలో, 1895లో క్షమాభిక్ష వచ్చింది. కాలక్రమంలో శిక్షణ నౌకలకు సల్దాన్యా పేరు, కుస్తోదియో పేరు పెట్టారు. అకిదబాన్‌ను నడిపిన అలెషాంద్రినో ద అలెంకార్ అయితే 1906లో ఏకంగా నౌకాదళ మంత్రి అయ్యాడు. ఇంగ్లండులో కట్టించిన మహా యుద్ధనౌకలు మినాస్ జెరాయిస్, సావ్ పావ్లో బ్రెజిల్‌కు చేరింది ఆయన కాలంలోనే.

ఓడలు కొత్తవైనా వాటి మీద కొరడా పాతదే. గణతంత్రం పుట్టిన మర్నాడే కొరడా దెబ్బలను రద్దు చేశారు. అయిదు నెలలు తిరక్కముందే, 1890 ఏప్రిల్‌లో, 25 దెబ్బల పరిమితి పెట్టి మళ్లీ తెచ్చారు. పరిమితి కాగితం మీదే ఉండిపోయింది. 1910 నవంబరులో మినాస్ జెరాయిస్ మీద మార్సెలీనో అనే నావికుణ్ని తోటివారి కళ్లెదుట 250 దెబ్బలు కొట్టారు. నవంబరు 22 రాత్రి నావికులు ఓడలు స్వాధీనం చేసుకున్నారు. ఆ ఘర్షణలో కెప్టెన్ సహా కొందరు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. కొరడా ఆపకపోతే రాజధానిపై ఫిరంగులు పేలుస్తామని కాందిదో బృందం కబురు పంపింది. వారం కిందటే అధ్యక్షుడైన హెర్మెస్ ద ఫొన్సెకా ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ల కిందట అడ్మిరళ్లు దించిన దియోదొరోకు స్వయానా సోదరుడి కొడుకు.

సెనేట్‌లో క్షమాభిక్ష కోసం గట్టిగా వాదించినవాడు రుయ్ బర్బోసా. 1892లో ఫ్లోరియానో బహిష్కరించిన అడ్మిరల్ వాందెన్‌కోల్క్ తదితరుల తరఫున సుప్రీంకోర్టు మెట్లెక్కిందీ ఈయనే. అడ్మిరళ్లకూ నావికులకూ ఒకే న్యాయం అడిగిన రాజకీయ నాయకుడు నాకు కనిపించినంతలో ఈయన ఒక్కడే. బిల్లు నెగ్గింది, నావికులు ఓడలు అప్పగించారు. కొద్ది రోజులకే విచారణ లేకుండా నావికులను తొలగించే ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో కోబ్రాస్ దీవిలో మరో తిరుగుబాటు చెలరేగితే దాన్ని సాకుగా చేసుకుని కాందిదోను కూడా పట్టుకున్నారు. దీవి చెరలో ఒకే గదిలో కుక్కిన 18 మందిలో 16 మంది చనిపోయారు. కాందిదో బతికాడు. తర్వాత కోర్టు నిర్దోషిగా వదిలేసినా ఓడ మీద చోటు మాత్రం దక్కలేదు. రియో రేవు దగ్గరి చౌకులో చేపలు అమ్ముకుంటూ బతికి, 1969లో పేదరికంలోనే పోయాడు.

2008లో పార్లమెంటు ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది. చట్టంలో పదోన్నతులు, బకాయి జీతాల గురించి ఉన్న భాగాన్ని అధ్యక్షుడు లులా వీటో చేశారు.