సంగటి తిన్న కుక్క

అనంతపురం పల్లెలో మా అవ్వ కాలంలో కుక్కకు వేరే వంట ఉండేది కాదు. పొద్దున మిగిలిన రాగి సంగటిని నాలుగు తుంటలు చేసి, కాస్త మజ్జిగ పోసి రాతి తొట్టిలో వేస్తే, అది నమలకుండానే మింగేసి వాకిట్లో కాపలాకు పోయేది. ఆ ఇంటి మూడో తరం ఇప్పుడు బెంగళూరు బసవనగుడిలో కాపురముంటోంది, కుక్క సోఫా ఎక్కింది, దాని చిరుతిండి గురించి జరిగినంత చర్చ పిల్లల టిఫిను డబ్బా గురించి కూడా జరగడం లేదు. మా అపార్ట్‌మెంటులో మాంసం వండని ఇళ్లు చాలానే ఉన్నాయి, ఆ ఇళ్లలో కుక్కలూ ఉన్నాయి. తోడేలు జాతి జంతువుకు ధాన్యంతో చేసిన బిస్కెట్టు పెట్టడం అన్యాయమేమోనన్న అనుమానం వారిని పీడిస్తూ ఉంటుంది. నా మటుకు నాకు భయపడవలసింది పిండిని చూసి కాదు, పక్కనే ఉన్న పోపుల పెట్టెను, చింతపండు డబ్బాను చూసి అనిపిస్తుంది.

స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, కుక్కల జన్యువులను తోడేళ్ల జన్యువులతో పోల్చి చూసింది. పిండిపదార్థాన్ని విరిచే అమైలేజ్ అనే ఎంజైమును క్లోమగ్రంథిలో తయారుచేయించే ఏఎంవై2బి జన్యువుకు తోడేళ్లలో రెండే ప్రతులు కనిపించగా, కుక్కల్లో అవి 4 నుంచి 30 వరకు ఉన్నాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి గింజలు నిల్వ చేసుకున్నాక, ఆ మిగులు తిని అరిగించుకోగలిగిన కుక్కలే ఊళ్లో బాగా బతికి పిల్లలను కన్నాయన్నది దీనికి చెప్పే వివరణ. వ్యవసాయం ఎరుగని ఆస్ట్రేలియా అడవికుక్క డింగోలో నేటికీ రెండు ప్రతులే ఉండటం ఆ వాదనకు బలమిస్తోంది. అవ్వ తొట్టి దగ్గరి కుక్క సంగటి తిని బతికిందంటే అది గత్యంతరం లేక మాత్రమే కాదు, దాని కడుపు తరతరాలుగా అందుకు అలవాటు పడింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మనం అన్నం మెతుకును కాసేపు నమిలితే నోట్లో తియ్యగా తగులుతుంది, ఎందుకంటే మన లాలాజలంలోనే అమైలేజ్ ఉంది. కుక్క లాలాజలంలో అది లేనట్టే లెక్క, పైగా కుక్క నమలదు కూడా. పిండి అరిగే పనంతా చిన్నపేగులో జరగాలి కాబట్టి, అక్కడికి చేరేలోగా పిండి రేణువులు నీటిలో ఉడికి, ఉబ్బి, విచ్చుకుని ఉండటం అవసరం. గట్టిగా కలిపిన పచ్చి పిండిని నేరుగా ఓవెన్‌లో పెడితే పైన ఎర్రబడుతుంది గానీ, లోపల ఉన్న కొద్దిపాటి తేమ రేణువులన్నీ ఉబ్బడానికి చాలదు. అందుకే నేను బిస్కెట్టుకు ముందు సంగటి వండుతాను.

ఒక గ్లాసు రాగి పిండికి రెండు గ్లాసుల నీరు తెర్లించి, ఉప్పు వేయకుండా పిండి పోసి, మూత పెట్టి సన్న సెగ మీద ఐదారు నిమిషాలు మగ్గనిచ్చి తెడ్డుతో గెలకాలి. అందులో ఉడికించి మెదిపిన గెనుసుగడ్డ ఒకటి, వేయించి పొట్టు తీసి అప్పుడే దంచిన శెనక్కాయల పొడి రెండు చెంచాలు కలిపి, గోరువెచ్చగా ఉండగానే తడి చేత్తో అరంగుళం బిళ్లలుగా వత్తుకోవాలి. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ రాగిలో ఉండదు కనుక చల్లారిందంటే అంచులు పగుళ్లిస్తాయి, అది రుచికి లోపం కాదు. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల దగ్గర ముప్పావు గంట, లేనివారు మందపాటి పెనం మీద సన్న మంటతో తిప్పుతూ కాల్చవచ్చు. వేగిన శెనక్కాయల వాసనే కుక్కను వంటింటి గడప దగ్గరికి లాక్కొస్తుంది. మనకు దాదాపు 9,000 రుచి మొగ్గలుంటే దానికి 1,700 మాత్రమే, అది తిండిని ముందు ముక్కుతో తింటుంది. శెనక్కాయల్లో బూజు పట్టినవి ఒక్కటి కూడా పడనీయకూడదు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు, కుక్క కాలేయం దానికి తట్టుకోలేదు.

ఇక చింతపండు సంగతి. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని పశువైద్యులకు చాలాకాలంగా తెలిసినా, కారణమేమిటో అంతుబట్టలేదు. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ నడిపే విష నియంత్రణ కేంద్రం వైద్యులకు, పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్దను తిని అదే విధంగా జబ్బుపడిన కుక్క ఒకటి ఎదురైంది. ఆ ముద్దలో కలిపిన క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లమే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అసలు దోషి అదే కావచ్చునని వారు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ప్రచురించిన నివేదికలో చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల వివరాలు కూడా చేర్చారు. చింతపండు గుజ్జుకు ఆ పులుపు ఇచ్చేది టార్టారిక్ ఆమ్లమే. పులిహోర అడుగు, రసంలో తడిపిన అన్నం "దానికీ కొంచెం రుచి చూపిద్దాం" అని పెట్టే తెలుగు ఇళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మేలు.

ఉల్లి, వెల్లుల్లి సంగతి చాలామందికి తెలుసు. వాటిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. ప్రమాదం వెంటనే బయటపడకపోవడమే అసలు చిక్కు, రెండు మూడు రోజుల తర్వాత కుక్క నీరసించి చిగుళ్లు పాలిపోయేసరికి ఏం తిన్నదో ఎవరికీ గుర్తుండదు. చాక్లెట్ ఎలాగూ కూడదు.

శెనక్కాయలు దంచే ఓపిక లేక సీసాలో పీనట్ బటర్ కొనేవారు, చక్కెర లేదని రాసి ఉన్నదాన్ని మరీ అనుమానించాలి. తీపి కోసం అందులో జైలిటాల్ కలిపి ఉండవచ్చు, లేబుల్ మీద అది 967 అన్న అంకెగానైనా కనిపించవచ్చు. మనకు ఇలాంటి హాని చేయని ఈ పదార్థం కుక్క శరీరంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఉరికించి, గంటలోపే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. 10 కిలోల కుక్కకు ఒక్క గ్రాము చాలు.

రాగిలో కాల్షియం ఉంది కాబట్టి కుక్కకు ఎముక బలమన్న మాట పార్కుల్లో తరచు వినిపిస్తుంది. లెక్క వేస్తే అది నిలవదు. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నాలుగు బిళ్లల్లో పడే పిండి పదిహేను గ్రాములు కూడా ఉండదు, అంటే 50 మిల్లీగ్రాములు. 10 కిలోల కుక్కకు రోజుకు కావలసింది 700 మిల్లీగ్రాములకు పైమాటే. ఉన్న కాస్తలోనూ కొంత, గింజలోనే ఉండే ఫైటేట్ అనే పదార్థం పట్టుకుని వదలదు. బిస్కెట్టు బిస్కెట్టే, భోజనం కాదు. అసలు తిండి నుంచి కూడా మాంసం తీసేయాలనుకునేవారు పశువైద్యుల సలహా లేకుండా ఆ పని చేయకూడదు.

చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటరాదన్నది పశువైద్యుల మాట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన 10 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 630 కేలరీలు అవసరమనుకుంటే, చిరుతిండి వాటా 63. ఎండిన బిళ్ల ఒక్కోటి నాలుగు గ్రాములైతే పదిహేను కేలరీలు, అంటే నాలుగు బిళ్లలతో ఆ రోజు సరి. లాబ్రడార్ ఉన్నవారు ఇంకా గట్టిగా లెక్కపెట్టాలి. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో, ఆ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలి తీరిందని చెప్పే జన్యువులో కొంత భాగం లోపించిందని కనిపెట్టారు. అది కళ్లు పెద్దవి చేసి చూసినంత మాత్రాన దానికి నిజంగా ఆకలేసిందని అర్థం కాదు.

మొదటిసారి చేసిన బిళ్లలను నేను వేడి తగ్గకముందే డబ్బాలో పోసి మూత బిగించాను. ఆగస్టు నెల, బయట ముసురు. నాలుగో రోజుకు మూత లోపలి చెమ్మ బిళ్లల మీదికి దిగి, అంచుల వెంట బూడిదరంగు నూగు కనిపించింది, డబ్బాతో సహా పారబోశాను. గెనుసుగడ్డ తేమను గట్టిగా పట్టుకుంటుంది, పైకి ఎండినట్టున్నా మధ్యలో మెత్తగా మిగులుతుంది. ఇప్పుడు ఓవెన్ ఆపాక తలుపు కాస్త తెరిచి రాత్రంతా అందులోనే వదిలేస్తాను, పొద్దున ఒక బిళ్లను విరిచి చూస్తాను. పట్‌మని విరిగితే డబ్బాలోకి, వంగితే మళ్లీ పెనం మీదికి. వానాకాలంలో వారానికి సరిపడా బయట ఉంచి, మిగిలినవి ఫ్రీజర్‌లో పెడతాను.