దాణా గిన్నెలో తడి గొడుగులు

పెందుర్తి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పది కోడిపిల్లలు తెచ్చుకున్నాను. నానబెట్టిన దాణా పులిసిపోయింది. పారబోయాలా, పెట్టవచ్చా?" వాసన ఎలా ఉందని అడిగాను. "తరవాణిలా ఉందండీ" అన్నారు. సగం జవాబు ఆవిడే చెప్పేశారు.

తరవాణి కుండలోనూ దాణాలోనూ పనిచేసేవి లాక్టికామ్ల బ్యాక్టీరియాలే. చక్కెరలు తిని ఆమ్లం వదులుతాయి. "ఆ పులుపుకు చెడ్డ క్రిములు చస్తాయి" అని బడిలో ముగించేస్తారు. ఎలా చస్తాయో చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు, నాకు దిగులు కలిగేది అక్కడే.

లాక్టికామ్ల అణువును తడి గొడుగు అనుకోండి. ప్రోటాన్ అంటిపెట్టుకుని ఉన్నంతసేపు అది ముడిచిన గొడుగు. విద్యుదావేశం ఉండదు కనుక సాల్మొనెల్లా అనే చెడ్డ క్రిమి కణపు కొవ్వుపొరలోంచి సులువుగా దూరిపోతుంది. కణం లోపల పులుపు లేదు. అక్కడ ప్రోటాన్ విడిపోతుంది, గొడుగు విచ్చుకుంటుంది. ఆవేశం వచ్చిన గొడుగు ఇక ఆ గుమ్మంలో పట్టదు. దాని నీళ్లు, అంటే ప్రోటాన్లు, ఇంట్లోనే కారతాయి. ఇంటివాడు తోడి పోస్తూనే ఉంటాడు, ప్రతి బకెట్టుకూ ఏటీపీ అనే ఇంధనం ఖర్చవుతుంది. గొడుగులు మాత్రం వస్తూనే ఉంటాయి. పెరగడానికి శక్తి మిగలదు.

లెక్క చూడండి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. లాక్టికామ్లం పీకేఏ, అంటే సగం గొడుగులు ముడిచి సగం విచ్చుకుని ఉండే పీహెచ్, 3.86. పీహెచ్ 7 దగ్గర 10,000 గొడుగుల్లో ముడిచినవి ఏడే. 5 దగ్గర నూటికి ఏడు. 4 దగ్గర నూటికి 42! నా మేడమీద గాజు సీసాలో దాణా నానబెట్టినప్పుడు, మొదట ఆకుపచ్చగా ఉన్న పీహెచ్ కాగితం మూడోరోజుకు నారింజరంగుకు తిరిగింది. తవుడు పైకి తేలి, దాని కింద బుడగలు చిటపటలాడాయి. ఆ రంగు రాకముందు, అరకొరగా పులిసిన దాణాను నేను నమ్మను. వెచ్చటి నీళ్లలో మొదట చెడ్డవీ పెరుగుతాయి. పాత గిన్నెలోని గరిటెడు పులుపునీళ్లు కలిపితే ఆ గడువు తగ్గుతుంది. తరవాణి కుండను అమ్మమ్మలు పూర్తిగా ఖాళీ చేయనిది ఇందుకే.

మరి లాక్టికామ్ల బ్యాక్టీరియాలు ఎందుకు మునిగిపోవు? బయట పీహెచ్ దిగుతుంటే అవి లోపలి పీహెచ్‌నూ కొంత దిగనిస్తాయి. లోపలా బయటా తేడా పెరగదు కనుక విచ్చుకునే గొడుగులు తగ్గుతాయి.

ఇక కోడిపిల్ల పేగు. తల్లి వెంట తిరిగే పిల్ల తల్లి రెట్టను పొడిచి తన పేగుకు కావలసిన సూక్ష్మజీవులను తెచ్చుకుంటుంది. యంత్రంలో పొదిగిన పిల్లకు ఆ అదృష్టం లేదు. పెద్దకోడి పేగులోని పదార్థం పట్టిస్తే పిల్లల్లో సాల్మొనెల్లా నిలదొక్కుకోలేదని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంటాలా 1973లో చూపించారు. పులిసిన దాణా తల్లికి సాటి రాదు. అయినా మెడకింద గింజలు నిలిచే సంచిలో మంచి బ్యాక్టీరియాలకు చోటు దొరకడానికి తోడ్పడుతుంది.

కోడిపిల్లలు వరుసగా వాలిపోతే దిష్టి అని నిమ్మకాయ కట్టేవారిని చూశాను. రెట్టలో రక్తం ఉంటే కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కావచ్చు, ఆ రోజే పశువైద్యుడికి చూపాలి. రాణిఖేత్ అనే కోళ్ల తెగులుకు వేసే టీకాకు బదులు పులుపు పనికిరాదు.

విశాఖ సముద్రపు గాలికి దాణా సంచిలో బూజు తొందరగా పడుతుంది. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మీద పులుపును నమ్ముకోకూడదు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపింది, వేరుశనగ పిండితో వచ్చిన ఆ విషమే. సంచి విప్పగానే ముక్కిన వాసన వస్తే, గిన్నె మీద ఆకుపచ్చ నూగు కనిపిస్తే, పైపైన తీసేసి మిగతాది వాడకండి. మొత్తం పారబోసి, సీసాను వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించండి.