గిలక లేని బావి

ఒంగోల్లో జిమ్‌లో చేరిన మొదటి వారం డంబెల్ రో, అంటే ముందుకు వంగి డంబెల్‌ను డొక్క వైపు లాగే కసరత్తు, చేస్తుంటే, వీపు సంగతి అటుంచి జబ్బ కండ పట్టేసింది. నేర్పే కుర్రాడు చూసి, "చేత్తో లాగొద్దన్నా. చెయ్యి ఉత్త కొక్కెం అనుకోండి. మోచెయ్యి వెనక్కి పోవాల," అన్నాడు. అప్పుడు కొట్టిపారేశాను గానీ, తర్వాత ఒంటి కండల బొమ్మ చూస్తే అతను చెప్పిందే నిజం.

వీపుకు రెండు పక్కలా విసనకర్రలా పరుచుకున్న కండను లాటిసిమస్ డార్సై అంటారు, జిమ్ భాషలో లాట్స్. వెన్నెముక దిగువ సగం నుంచి, తుంటి ఎముక అంచు నుంచి బయల్దేరి, చంక కిందుగా పోయి దండచేతి ఎముక పైభాగానికి అతుక్కుంటుంది. మోచేతి దాకా రానే రాదు. కాబట్టి అది లాగగలిగేది దండచేతినే. మోచేతిని మడిచే పని జబ్బ కండది. గుప్పిట మీద ధ్యాస పెట్టి లాగితే ఆ చిన్న కండే ముందు అలిసిపోతుంది, పెద్దది తీరిగ్గా కూర్చుంటుంది.

మా నాయనమ్మది కొత్తపట్నం వైపు పల్లె. వాళ్ల బావికి గిలక ఉండేది. అది విరిగిన రోజుల్లో ఆమె బావి ఒరకు మోకాలు ఆనించి, ముందుకు వంగి, చేంతాడు బారలు బారలుగా లాగేది. పైన కట్టిన గిలక బొక్కెన బరువును చెంచాడు కూడా తగ్గించదు, లాగే దిక్కును మాత్రం మారుస్తుంది. అయినా ఎంత మేలో! తాడును కిందికి లాగుతాం, మనిషి నిటారుగా ఉంటాడు, ఒంటి బరువు కూడా సాయం వస్తుంది. గిలక పోతే బరువు ముందు వేలాడుతుంది, భారం నడుం మీద పడుతుంది. డంబెల్ రో అంటే ఈ రెండో పనే.

ఆ భారం ఎంతో ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. 70 కిలోల మనిషిలో నడుము నుంచి పై భాగం సుమారు 40 కిలోలు. నేలకు సమాంతరంగా వంగితే ఆ బరువు కేంద్రం నడుము దగ్గరి వెన్నుపూసకు 25 సెంటీమీటర్ల ముందుంటుంది అనుకుందాం. దాన్ని నిలబెట్టే కండలు మాత్రం పూసకు 5 సెంటీమీటర్ల వెనకే ఉన్నాయి. చీమకుర్తి క్వారీలో గడ్డపారతో బండను కదిలించే మనిషి పొడుగు కొసను పట్టుకుంటాడు. మన నడుం కండలకు దక్కింది పొట్టి కొస. అందుకే 40 కిలోలను ఆపడానికి అవి 200 కిలోల బరువంత బలంగా లాగాలి. భుజం కింద, 40 సెంటీమీటర్ల దూరంలో, 10 కిలోల డంబెల్ వేలాడితే ఇంకో 80. డంబెల్ చిన్నదే కదా అనుకునేవాళ్లకు నడుం ఎందుకు పట్టేస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

రెండో చెయ్యి, ఒక మోకాలు బెంచీ మీద ఆనించమనేది ఇందుకే. పై ఒంటి బరువులో చాలా భాగం ఆ చేతి మీదుగా బెంచీలోకి దిగిపోతుంది. రెండు చేతులతో లాగాల్సిన మా నాయనమ్మకు ఆ వీలు లేదు. ఇంట్లో బెంచీ లేకపోతే గట్టి మంచం పట్టె చాలు. డంబెల్ లేకపోతే 5 లీటర్ల నీళ్ల క్యాను తీసుకోండి, సరిగ్గా 5 కిలోల నీళ్లు పడతాయి.

వీపు చదునుగా ఉంచి, ముందుగా భుజం వెనక ఉండే రెక్క ఎముకను వెన్ను వైపు జరపాలి, ఆ వెంటే మోచెయ్యి. మోచెయ్యి డొక్కను రాసుకుంటూ తుంటి వైపు పోతే లాట్స్‌కు పని ఎక్కువ. పక్కకు తెరుచుకుని పైకి లేస్తే రెక్కల మధ్య ఉన్న రాంబాయిడ్స్, ట్రపీజియస్ కండలు పని అందుకుంటాయి. రోజంతా ఫోన్ మీదికి వంగి కూర్చునేవాళ్లకు ఈ రెండోది కూడా కావాలని నా అభిప్రాయం. దింపేటప్పుడు ధబేల్మని వదిలేయకండి, బరువును ఆపుతూ దించడం కూడా కండకు పనే. లాగేటప్పుడు ఊపిరి వదలండి. నొప్పి నడుము నుంచి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా అక్కడితో ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

కొక్కెం మాట పట్టుకుని చేసిన రెండో రోజు పొద్దున, చొక్కా తొడుక్కుంటుంటే చంకల కింద సలిపింది. అక్కడొక కండ ఉందని నలభై ఏళ్లుగా నాకు తెలియదు. కుర్రాడితో చెప్తే, "దొరికిందా అన్నా?" అని నవ్వి, డంబెల్ మార్చకుండానే అవతలికి పోయాడు.