సండే స్కూలు పాఠం తయారీ: అపోహలు, వాస్తవాలు

ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో, ఆదివారం పిల్లలకి బైబిలు నేర్పే సండే స్కూలు కొత్తగా చెప్పబోయేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: చిన్నప్పటినుంచి విన్న కథే కదా, మళ్లీ చదవడం దేనికి?

వాస్తవం: అసలు ముప్పంతా ఇక్కడే. మత్తయి 2లో జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు. కానుకల రకాలు మూడు, అంతే. వాళ్లు వచ్చింది పశువుల పాక దగ్గరికి కాదు, ఇంటికి. మన క్రిస్మస్ డ్రామాలో మాత్రం గొల్లలూ జ్ఞానులూ ఒకే స్టేజీ మీద ఇరుక్కుని నిలబడతారు. సౌలు (తర్వాత పౌలు అయినవాడు) గుర్రం మీదనుంచి పడ్డాడని చెబుతాం. అపొస్తలుల కార్యములు 9లో గుర్రమే లేదు. చేపల కథలు రెండూ కలిపేస్తాం. వలలు పిగిలిపోయి, పడవలు మునగబోయింది లూకా 5లో. 153 చేపలు పడ్డా వల చిరగనిది యోహాను 21లో, పునరుత్థానం తర్వాత.

అందుకే సోమవారమో మంగళవారమో ఆ భాగాన్ని పైకి చదవండి, ఒకటికి నాలుగుసార్లు. లూకా 5:2 చూడండి: జాలరులు పడవలు దిగి వలలు కడుగుతున్నారు. మనం గబగబా దాటేసే ముక్క అది. కొత్తపట్నం తీరాన పెరిగిన పిల్లలు దాటెయ్యరు. వల కడిగారంటే ఆ పూటకి వేట అయిపోయినట్టే. రాత్రంతా వేశారు, ఒక్క చేపా పడలేదు. నాచూ చెత్తా ఏరి కడుక్కుంటుంటే, మళ్లీ లోతుకి వెళ్లి వెయ్యమన్నాడు ప్రభువు. వేస్తే మళ్లీ కడగాలి, మళ్లీ ఆరబెట్టాలి. ఆ జాలరుల్లో ఒకడైన పేతురు సరేనన్నాడంటే ఆ ఒళ్లు నొప్పులతోనే అన్నాడు. ఈ పాఠానికి ముందు వలేసేవాళ్లని ఒకరిని కదిలించండి. వ్యాఖ్యాన పుస్తకం తర్వాత తెరవచ్చు.

అపోహ: ఫ్లాష్ కార్డులు, యాక్షన్ సాంగ్స్ రెడీ అయితే పాఠం రెడీ.

వాస్తవం: కాదు. గంట గడుస్తుంది, అంతే.

అపోహ: ముందే రాసుకుని వెళ్తే పరిశుద్ధాత్మను ఆపినట్టు, ఏం చెప్పాలో చింతించవద్దని ప్రభువే అన్నాడు.

వాస్తవం: మార్కు 13:11 పూర్తిగా చదవండి. పట్టుకుపోయి అధికారులకి అప్పగించినప్పుడు చెప్పాల్సిన జవాబు గురించిన మాట అది. ఏడేళ్ల పిల్లల ముందు కూర్చునేవాళ్లకి ఇచ్చిన సెలవు చీటీ కాదు. ఈ వచనాన్ని ఎక్కువగా వాడేది శనివారం రాత్రి బద్ధకించినవాళ్లే అని నా అనుమానం.

అపోహ: బైబిలు కాలేజీలో చదివినవాళ్లే చెప్పాలి.

వాస్తవం: 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో సండే స్కూలు పెట్టించిన రాబర్ట్ రైక్స్ పత్రిక నడుపుకునే మనిషి. వారమంతా పనికి పోయే పిల్లలకి చదవడం నేర్పమని అక్కడి ఆడవాళ్లకే డబ్బులిచ్చి పెట్టాడు.

అపోహ: పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే టీచరు పరువు పోతుంది.

వాస్తవం: కంఠత వాక్యం అడగ్గానే చదవకుండా వచ్చిన ప్రతివాడూ "యేసు కన్నీళ్లు విడిచెను" (యోహాను 11:35) అంటాడు, చిన్న వచనం కదా. నవ్వేసి వదలకండి. ఎవరి కోసం ఏడ్చాడురా అని అడగండి. చనిపోయిన స్నేహితుడు లాజరు కోసం అంటారు. కాసేపట్లో లేపబోతున్నాడు కదక్కా, మరి ఎందుకు ఏడ్చాడు అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అంటారు. లాజరు తోబుట్టువు మరియ ఏడవడం చూసి కలవరపడ్డాడని రెండు వచనాల ముందే ఉంది, అది చదివించండి. ఇంకా లోతుకి అడిగితే, చదివి వచ్చే ఆదివారం చెబుతానని పుస్తకంలో వాడి పేరు పక్కనే రాసుకోండి. ఆ వారం తయారీ ఆ పేజీతోనే మొదలుపెట్టండి.